బండి మీద ఎవరి పేరు

పత్తర్‌గట్టి, హైదరాబాద్
జూన్ 11

నా బంగారు తల్లి, రైలు నడిపే బిడ్డ అభిజ్ఞకు, దుకాణంల గల్లా ముంగట కూసోని మీ బాపు వెయ్యి దీవెనలు పెట్టి రాస్తున్న సంగతులు.

బిడ్డా, నువ్వు విజయవాడ నుంచి పంపిన ఫోటో మీ అమ్మ ఫోన్ల సూసిన. ఇంజను పక్కన నీలి అంగీ ఏసుకోని నిలబడ్డవు. అంత పెద్ద ఇంజను నీ పక్కన చిన్నగ కనబడ్డది నాకు. ఆ ఫోటో పెద్దగ చేయించి అద్దం కట్టించి గల్లా మీద పెట్టిన. పంచెలు కొననీకి ఎవలొచ్చినా మొదలు నీ ఫోటో సూపిస్తున్న, తర్వాత పంచె సూపిస్తున్న. నిన్న ఒకాయన "సేటూ, జర పంచె ధర చెప్పు, రైలు సంగతి తర్వాత ఇంట" అన్నడు. గాయనకు నీ సంగతి మొత్తం చెప్పినంకనే ధర చెప్పిన. తగ్గించే చెప్పిన. సంతోషంల ఉన్నోడు బేరం ఏమాడుతడు?

ఫోన్ ఉండంగ ఉత్తరమేంది బాపు అని నవ్వుతున్నవేమో. నా చెవి సంగతి నీకు తెల్సు. స్పీకర్ పెట్టందే ఇనబడదు. స్పీకర్ పెడ్తె మీ అమ్మ ఇంటది. గీ ముచ్చట మీ అమ్మ ఇనొద్దు. నువ్వు గూడ ఇంటికి రాయకు, దుకాణం పత్తాకు రాయి.

ముచ్చట ఏందంటే, నేను కారు కొంటున్న!

జర ఆగు, మొత్తం చదువు. సెప్టెంబర్ల నీ ట్రైనింగు అయిపోతది. కాచిగూడల డ్యూటీ అంటివి. రైలు డ్యూటీకి పగలు రాత్రి ఉండదంటివి. అర్ధరాత్రి ఫోనొస్తే శాలిబండ నుంచి కాచిగూడ దాక ఎట్ల పోతవు? ఆటోల కోసం గల్లీ మలుపుకాడ నిలబడ్తవా? నేనుండంగ? నేనే తీస్కపోత, నేనే తీస్కొస్త. నువ్వు వెయ్యి మందిని కూసోబెట్టుకోని రైలు నడుపు, నేను నిన్నొక్కదాన్ని కూసోబెట్టుకోని కారు నడుపుత. అరవై ఏడేండ్లకు డ్రైవింగేంది అనకు. ఫలక్‌నుమాల మొగులయ్య అని మెకానిక్ ఉన్నడు, నేర్పిస్తనన్నడు. "కాలు అందుతే సాలు, వయసుతోని పని లేదు" అన్నడు.

బండి ఎవరిదనుకున్నవు? మన పక్క దుకాణం ప్రేమ్‌రాజ్‌ది. చిన్నప్పుడు నీకు ఇత్తడి చెంబు మీద చెంచతోని కొట్టి పాటలు ఇనిపిస్తుండే, గదే ప్రేమ్‌రాజ్ మామ. గాయనకు మోకాళ్లు పట్టేసినయి, ఎక్కి దిగుడు అయితలేదు. వెండి రంగు చిన్న బండి. సీట్ల మీద కవర్లు గూడ ఇంక తియ్యలే. బయటోళ్లకు ఎక్కువకు పోతది, నాకైతే తగ్గించిండు. కాగితం గూడ సూసిన. మామూలు కాగితం కాదు బిడ్డా. ప్రేమ్‌రాజ్ పేరు కింద ఒక పెద్ద ఫైనాన్స్ కంపెనీ పేరు అచ్చేసి ఉన్నది. మన దందాల మిల్లోళ్ల ముద్ర, గదే చాప్, ఉన్న తాను ఒక ధర, చాప్ లేని తాను ఒక ధర గద. కంపెనీ చాప్ ఉన్న బండంటే ఎంత ఇజ్జత్! నేను నాలుగు సార్లు సదివిన.

ఆషాఢం దగ్గరకొచ్చింది. ఆషాఢంల కొత్త బండి ఇంటికి తేవద్దంటరు. అందుకే తొందర. చిట్టీ ఎత్తిన పైసలు ఉన్నయి. నీకేం రంగు ఇష్టమో అడుగుదామంటే ఉన్నది ఒకటే రంగు.

మంచిగ తిను. రైలు మెల్లగ నడుపు.

మురిసిపోతున్న మీ బాపు,
సోమశేఖర్


విజయవాడ, ట్రైనింగ్ హాస్టల్
జూన్ 20

బాపూ,

నీ ఉత్తరం నాలుగు సార్లు చదివిన. మూడు సార్లు నవ్వొచ్చింది, నాలుగోసారి భయమేసింది. ఇక్కడ నా రూమ్మేట్ రచనకు గూడ చదివి ఇనిపించిన. అది నల్గొండ పిల్ల, నాతోనే కాచిగూడకు వస్తది. "మీ బాపు లాంటి బాపు నాకొకడు కావాలె" అన్నది. ఇయ్యనన్న.

ఇప్పుడు జర కోపం చేసుకోకుండ ఇను. కాగితం మీద ఉన్న ఆ ఫైనాన్స్ కంపెనీ పేరు చాప్ కాదు బాపు. ఇజ్జత్ గూడ కాదు. ప్రేమ్‌రాజ్ మామ లోన్ తీసుకోని ఆ బండి కొన్నడు, లోన్ ఇంకా తీరలే అని దాని అర్థం. అంటే బండి గిర్వి ఉన్నది. లోన్ తీరి, బాకీ లేదని వాళ్లు కాగితం ఇచ్చి, ఆర్సీ మీద ఆ పేరు కొట్టేసేదాక బండి నీ పేరు మీదికి రాదు. మామ కిస్తులు కట్టకపోతే కంపెనీ వాళ్లొచ్చి బండి తీసుకపోతరు. ఎవరింటి ముందున్నా తీసుకపోతరు.

మామ మంచోడే. మంచోడైనా సరే పైసలు మామ చేతికి ఇయ్యకు. ఇద్దరు కల్సి ఆ కంపెనీ ఆఫీసుకు పోండ్రి. ఎంత బాకీ ఉన్నదో రాసిచ్చిన కాగితం తీసుకో. బాకీ అంత నువ్వే అక్కడ కట్టు, మిగిలింది మామకియ్యి. బాకీ లేదన్న కాగితం చేతికొచ్చినంకనే బండి తీసుకో. ఆషాఢం అయినంక తీసుకుంటే ఏమైతది బాపు, శ్రావణం మంచిది గద.

ఇంకొకటి. నా డ్యూటీ, నేనుండేది, ఇవన్ని ఇంక తేలలే. కారు నాకు అంత అవసరమో కాదో నేనొచ్చినంక కూసోని మాట్లాడుకుందాం. అప్పటిదాక ఆగు.

అమ్మకు చెప్పొద్దన్నవు, చెప్పలే. నాకు మాత్రం మంచిగ అనిపిస్తలేదు.

నీ అభి


పత్తర్‌గట్టి
జూన్ 28

బిడ్డా అభీ,

నీ ఉత్తరం అందింది. అక్షరాలు ముత్యాలోలె ఉన్నయి. ఏడో తరగతి కాడ ఆగిపోయిన నాకు ఇంత సదువుకున్న బిడ్డ పుట్టిందంటే దేవుని దయ.

ఇక్కడ అందరం మంచిగనే ఉన్నం. మీ అమ్మ మామిడికాయ తొక్కు పెట్టింది. ఈసారి ఉప్పు ఎక్కువైందని నేనంటే, నోరు మంచిగ లేకుంటే అన్ని ఉప్పే అన్నది. పంచెల సరుకు కొత్తది వచ్చింది. అంచు సక్కగుంది. వానలు ఇంక పడలే. శాలిబండల నల్లా ఒకరోజు ఇడిసి ఒకరోజు వస్తున్నది.

లాల్‌దర్వాజల బోనాలకు రంగులేస్తున్నరు. నువ్వుంటే మంచిగుండు.

అన్నట్టు, డ్రైవింగు నేర్సుకుంటున్న. మొగులయ్య మస్తు ఓపికమంతుడు. నిన్న పురానాపూల్ దాక తీస్కపోయిండు. బ్రిడ్జి ఎక్కేకాడ బండి ఆగిపాయె. వెనక ఆటోలన్ని ఒకటే హారన్. ఒక ఆటో పిలగాడు తల బయటవెట్టి "చాచా, చలా రహే క్యా సులా రహే?" అన్నడు. తోల్తున్నవా, నిద్రపుచ్చుతున్నవా అని. మొగులయ్య నవ్వాపుకోలేక సీటు కింద ఏదో ఎతుకుతున్నట్టు వంగిండు. నేను గూడ నవ్విన. బండికి దెబ్బ తాకలే, సీటు కవరు గూడ చినగలే, ఫికర్ చెయ్యకు.

ఆరోగ్యం జాగ్రత్త. ఎండలు ఉన్నయి, మజ్జిగ తాగు.

మీ బాపు


విజయవాడ
జులై 3

బాపూ,

రెండు పేజీలు రాసినవు. తొక్కు రాసినవు, నల్లా రాసినవు, పంచెల అంచు గూడ రాసినవు. నేనడిగిన దానికి ఒక్క లైను జవాబు లేదు.

సీటు కవరు చినగలేదన్నవు. సీటు కవర్లు ఇంక తియ్యని బండి నాకు తెల్సింది ఒకటే ఉన్నది. నువ్వు ఎవరి బండి మీద నేర్సుకుంటున్నవు?

కోపం రాలే బాపు. నాకు చెప్పు, అంతే.

అభి


పత్తర్‌గట్టి
జులై 10

అభీ,

నువ్వు పోలీసు ఉద్యోగానికి పోవాల్సింది, తప్పి రైలుకు పోయినవు.

చెప్త. ఏం దాచకుండ చెప్త. ఆషాఢం తెల్లారి పడుతదనంగ మంచి ముహూర్తం ఉన్నదని పంతులు చెప్పిండు. అప్పటికి నీ ఉత్తరం ఇంక అందలే. ప్రేమ్‌రాజ్ తానికి పోయి పైసలు మొత్తం చేతిల పెట్టిన. కాగితం రాసుకుందామా అని నేను అడగలే, గాయన అడగలే. మా ఇద్దరి మధ్య ఎన్నడు కాగితం లేదు బిడ్డా. గాయన గల్లాల చిల్లర లేకుంటే నా గల్లాల తీసుకుంటడు, నా దుకాణం తాళం చెవి గాయన కాడ ఉంటది. "జబాన్ దియా భాయ్, కంపెనీ హిసాబ్ మై దేఖ్ లేతా" అన్నడు. మాటిచ్చిన, కంపెనీ లెక్క నేను సూసుకుంట అన్నట్టు. నేను గూడ ఆ లెక్క ఏందో అడగలే. కొబ్బరికాయ కొట్టి, నాలుగు టైర్ల కింద నిమ్మకాయలు పెట్టి, మొగులయ్య తోలంగ బండి ఫలక్‌నుమా షెడ్డుకు పోయింది. మీ అమ్మకు కనబడొద్దని. తెల్లారి నీ ఉత్తరం వచ్చింది.

గల్లా ముంగట కూసోని రెండోసారి చదివిన. అయినా ఒకటి నాకు అర్థం కాలే. గిర్వి పెట్టిన సొమ్ము సేటు తిజోరిల ఉంటది. ఈ బండి ప్రేమ్‌రాజ్ ఇంటి ముంగట ఉండె, రోజు రోడ్డు మీద తిరిగె. గిర్వి పెట్టిన వస్తువు రోడ్డు మీద తిరుగుడు ఏందని నేనెట్ల అనుకుంట? మా కాలంల గిట్ల లేదు బిడ్డా.

ప్రేమ్‌రాజ్‌ను అడిగిన. గాయన మొఖం కిందికి ఏసిండు. నేనిచ్చిన పైసలన్ని సరుకైపోయినయి. శ్రావణంల పెండ్లిళ్లు, వ్రతాలు ఉన్నయని ఇత్తడి బిందెలు, కలశాలు లారీ లోడు దించిండు. కిస్తులు అంతకుముందు నుంచే కడ్తలేడట. "శ్రావణంల అమ్ముడుపోంగనే మొత్తం కట్టేస్త, నీ మీద ఒట్టు" అన్నడు. మోసం చేసే మనిషి కాదు. చేతికి పైస వస్తే సరుకు కొనకుండ ఉండలేడు, గంతే. గాయన దుకాణంల ఇప్పుడు మనిషి నడిచేందుకు జాగ లేదు.

ఇప్పుడు అసలు సంగతి. సోమవారం కంపెనీ మనుషులు బండి పత్తా కనుక్కోని మొగులయ్య షెడ్డుకు వచ్చిండ్రు. వాళ్లు గల్లీల అడుగుతుండంగనే ఎవలో చెప్తే, మొగులయ్య గబగబ నాలుగు చక్రాలు ఊడదీసి బండిని ఇటుకల మీద నిలబెట్టిండు. వాళ్లొచ్చేసరికి చక్రాల మీద బనీను ఆరేసి, "రిపేర్‌ల ఉన్నది భాయ్, మోసుకపోతే మోసుకపోండ్రి" అన్నడట. వాళ్లు మళ్లొస్తమని పోయిండ్రు. మొగులయ్య నాకు చెప్పుకుంట చెప్పుకుంట నవ్విండు. నాకు నవ్వు రాలే.

ఆ పైసలంటే చిట్టీ పైసలు. ఇరవై నెలలు కట్టిన. అవి పోయినా సరే అనుకో. నువ్వొచ్చేటాలకు బండి లేకుంటే నువ్వు ఇంట్ల ఎట్లుంటవు? గదే నా రంది.

మీ అమ్మకు ఇంక తెల్వదు.

మీ బాపు


విజయవాడ
జులై 15

బాపూ,

మొదలు మొగులయ్య అన్నకు చెప్పి చక్రాలు బిగించుమను. దాచుడు వద్దు. వాళ్ల బాకీ నిజం. రెండోది, ప్రేమ్‌రాజ్ మామను తీసుకోని వాళ్ల ఆఫీసుకు పో. లొల్లి చెయ్యకు, మామను తిట్టకు. ఆగిన కిస్తులు ఎన్నో అడుగు, అవి ముందు కట్టించు, మిగిలింది శ్రావణం ఆఖరుకు కడ్తమని మామతోని రాయించు. పాత కిస్తులు కడితే వాళ్లు కొంచెం ఆగుతరు. ఆ కిస్తులకు పైసలు లేకుంటే నా స్టైపెండ్ ఉన్నది, పంపుత.

మూడోది, ఈ రోజే అమ్మకు చెప్పు.

నువ్వు దాచినవని నిన్ను అనే హక్కు నాకు లేదు. ఎందుకంటే నేను గూడ ఒకటి దాచిన.

బాపూ, రచన, నేను కాచిగూడ స్టేషన్‌కు దగ్గర్ల ఒక రూమ్ తీసుకున్నం. మే నెలలనే అడ్వాన్స్ ఇచ్చినం. నీ మొదటి ఉత్తరం వచ్చేటప్పటికే ఇచ్చినం. ఫోన్ల చెప్దామంటే అమ్మ, నువ్వు ఇద్దరు స్పీకర్‌ల ఉంటరు. నువ్వేమో కారు, నేను తీస్కపోత, నేను తీస్కొస్త అని అంత సంతోషంగ రాసినవు. చెప్పలేకపోయిన. అవసరమో కాదో అని మాటల చాటున దాక్కున్నట్టు రాసిన.

ఇల్లు ఇష్టం లేక కాదు. డ్యూటీ దిగి వచ్చినంక నిద్ర పోవాలె. మళ్లా ఫోనొస్తే ఉరకాలె. నాకోసం నువ్వు రాత్రంత మేలుకోని గడియారం సూస్తుంటవు, అమ్మ నీకోసం మేలుకుంటది. నాకు తెల్సు. నేను ఇంజన్ల కూసున్నప్పుడు ఇద్దరు మేలుకోని ఉన్నరని గుర్తొస్తే నా చేతులు తేలిగ్గ ఉండయి.

నువ్వు నాకోసం నాకు చెప్పకుండ కారు కొన్నవు. నేను నీకోసం నీకు చెప్పకుండ రూమ్ తీసుకున్న. ఇద్దరం ఒకటే తీరు.

అభి


పత్తర్‌గట్టి
జులై 21

చిరంజీవి అభిజ్ఞకు,

ఉత్తరం అందినది. రూమ్ తీసుకున్న విషయము తెలిసినది. మంచిది. ఉద్యోగం చేసేవారికి స్టేషన్ దగ్గర ఉండుట సౌకర్యము. స్టైపెండ్ పంపవలదు.

బోనాలు బాగా జరిగినవి.

సోమశేఖర్


విజయవాడ
జులై 26

బాపూ,

"వలదు" అని రాసినవు. నా జన్మల నీ నోటినుంచి ఆ మాట ఇనలే. "అందినది", "తెలిసినది" అంట. ఎవలతోనో రాయించినట్టున్నది. బిడ్డా అని లేదు, బంగారం లేదు, మీ బాపు అని గూడ లేదు. సోమశేఖర్ ఎవరో నాకు తెల్వదు. మా బాపును పంపు.

తిట్టాలంటే తిట్టు. తొక్కు గురించి రాయి. నల్లా గురించి రాయి. ఇట్ల మాత్రం రాయకు.

ఇక్కడ నిన్న మొదటిసారి సిమ్యులేటర్ కాకుండ నిజం ఇంజన్ల కూసోబెట్టిండ్రు. గుంటూరు దాక. మా లోకో పైలట్ సార్ కొంచెంసేపు నా చేతికిచ్చిండు. ఒక గేటుకాడ చిన్న పిల్లలు చెయ్యూపిండ్రు. నేను హారన్ కొట్టిన. ఎవరికి చెప్పాలె మొదలు అనుకున్న, నువ్వే గుర్తొచ్చినవు. ఫోన్ల చెప్పలే. నీకు రాద్దామని దాచి పెట్టిన.

అభి


పత్తర్‌గట్టి
ఆగస్టు 12

నా బంగారు తల్లీ, నా గుంటూరు రైలు బిడ్డా,

మా అభి ఇంజను చేతిల పట్టుకున్నదా! దుకాణంల కూసున్నోళ్లందరికి చదివి ఇనిపించిన. గేటుకాడి పిలగాండ్ల సంగతి రెండుసార్లు చదివిన. ఒక ముసలాయన "మీ బిడ్డ ఏ రైలుకొస్తదో చెప్పు, గదే ఎక్కుత" అన్నడు.

ముందటి ఉత్తరం నేనే రాసిన. ఎవలు రాయలే. అలిగిన బిడ్డా. అలిగి, సదువుకున్నోని తీరు రాసిన. అట్ల రాస్తే నీకు దెబ్బ తాకుతదనుకున్న. తాకింది. నాకు ఎక్కువ తాకింది. మూడు రోజులు అన్నం నోట్లెకు పోలే. గంతే, ఇగ దాని సంగతి ఇడిసిపెట్టు.

ఇప్పుడు ఇను, మీ అమ్మ కథ. నేను ఎంత మంచిగ రాద్దామన్నా మీ అమ్మ చేసినంత మంచిగ రాదు.

నువ్వు చెప్పినట్టు మీ అమ్మకు చెప్పిన. పొయ్యికాడ కూసోని చిక్కుడుకాయలు గిల్లుతున్నది. మొత్తం చెప్పేదాక తల ఎత్తలే. అయినంక "అయిపోయిందా?" అన్నది.

"అయిపోయింది."

"పంచెలమ్మే మనిషి అంగీకి నెల దినాల సంది గ్రీజు మరకలు. ఉతికేదాన్ని నేను. నాకు తెల్వదనుకున్నవా?"

"తెలిస్తే ఎందుకు అడగలే?"

"నువ్వు ఎప్పుడు చెప్తవో సూస్తున్న."

ఆ తర్వాత పైసల గురించి ఒక్క మాటనలే. నేను తనకు చెప్పకుండ నీకు రాసిన్నని మాత్రం రెండు దినాలు నాకు ఛాయి కప్పు చేతికియ్యలే, గట్టు మీద పెట్టింది.

మూడో దినం పొద్దుగాల నేను దుకాణం తెరిచేసరికి మీ అమ్మ ప్రేమ్‌రాజ్ దుకాణం మెట్టు మీద కూసోని ఉన్నది. చాట, చాటల బియ్యం. రాళ్లు ఏరుతున్నది. మా తాతలు చెప్పంగ ఇన్న, బాకీ ఇచ్చేదాక వాకిట్ల కూసునేటోళ్లట. నా కండ్లతోని ఎన్నడు సూడలే. ప్రేమ్‌రాజ్ ఉరికొచ్చి "భాభీ, ఏంది ఇది, అందరు సూస్తున్నరు, కుర్సీల కూసోండి" అన్నడు.

"వద్దు భయ్యా. ఇక్కడ గాలి మంచిగొస్తున్నది."

"భాయ్ పైసలు ఎక్కడికి పోవు, జబాన్ ఇచ్చిన గద!"

"జబాన్ ఇచ్చినవు, కాగితం ఇయ్యలే. మా ఆయన జబాన్ తీసుకున్నడు, నేను కాగితం తీసుకోని పోత. నీ దందా నువ్వు చేసుకో, నీకు అడ్డం రాను."

అడ్డం రాలే నిజంగనే. అట్ల కూసుందా, శ్రావణం మొదటి శుక్రవారం ముంగట ఆడోళ్లు వ్రతానికి కలశాలు కొననీకి వస్తున్నరు. ప్రేమ్‌రాజ్‌కు మన ఆడోళ్లతోని మాట్లాడుడు రాదు, ధర చెప్పి ఊకుంటడు. మీ అమ్మ ఊకుంటదా? ఒకామె చెంబు తిప్పి తిప్పి సూస్తుంటే, "ఆ పక్కది తీసుకో చెల్లే, అడుగు మందం ఉన్నది, కొట్టి సూడు" అన్నది. ఆమె కొట్టి సూసింది. కొన్నది. ఆమె ఎంబడి వచ్చినామె కొన్నది. పెండ్లి సామాన్లకని ఉప్పుగూడ నుంచి ఒక కుటుంబం వస్తే, మీ అమ్మ బియ్యం చాట పక్కకు పెట్టి పిల్లకు ఏమేం పెడ్తరో, అత్తగారిల్లు ఏ ఊరో, వాళ్లింట్ల ఎంతమందో అన్ని అడిగి, ఇరవై ఒక్క సామాను కట్టించింది. ప్రేమ్‌రాజ్ గల్లాకాడ నోరు తెరిచి కూసున్నడు. నేను నా దుకాణంల పంచె మడతపెట్టుకుంట సూస్తున్న. నా దుకాణంల ముప్పై ఏండ్ల సంది నేను అంత అమ్మలే బిడ్డా.

రోజు పొద్దుగాల వస్తున్నది, సాయంత్రం పోతున్నది. దుకాణం మూసే ముంగట లేచి, చీర దులుపుకోని, "భయ్యా, ఇయ్యాల్టిది?" అంటది. ప్రేమ్‌రాజ్ సరుకు పైసలు పక్కకు పెట్టి మిగిలింది తీస్తడు. మరునాడు మేమిద్దరం, నేను ప్రేమ్‌రాజ్, ఒకటే ఆటోల కంపెనీ ఆఫీసుకు పోతం. కిస్తులన్ని తీరినయి. బండికి చక్రాలు బిగిచ్చినం. కంపెనీ మనుషులు షెడ్డుకు రాకుండ అయిండ్రు. అసలు బాకీ సగానికి దిగింది.

ఆటోల ప్రేమ్‌రాజ్ నిన్న నా చెయ్యి పట్టుకున్నడు. "సోమూ, నేను నీకు మొఖం సూపించలేకపోతుంటి. భాభీ వచ్చి మెట్టు మీద కూసున్ననాడు చచ్చిపోదామనిపించింది. ఇప్పుడు భాభీ ఒక దినం రాకుంటే గాహక్‌లు అడుగుతున్నరు" అన్నడు. గాహక్‌లంటే కొనేటోళ్లు. నేను చెయ్యి ఇడిపించుకోలే.

రూమ్ సంగతి మీ అమ్మకు చెప్పిన. నాలాగ అలుగుతదనుకున్న. అలగలే. "మంచి పని చేసింది. ఇంట్ల ఉంటే నువ్వు దాన్ని పండనిస్తవా?" అన్నది.

పండనియ్యనా బిడ్డా నేను?

మీ బాపు

(అభీ, అమ్మను రాస్తున్న. మీ బాపు పండనియ్యడు. ఈ నడుమ నాకు బియ్యం ఏరుడు అలవాటైంది, ఇంట్ల రాళ్లున్న బియ్యం అయిపోయినయి. ప్రేమ్‌రాజ్ ఇంట్ల బియ్యం తెచ్చి ఏరుతున్న. నువ్వు వేళకు తిను. రచనకు గూడ చెప్పు. వరమ్మ)


విజయవాడ
ఆగస్టు 19

బాపూ, అమ్మా, ఇద్దరికి,

అమ్మ కథ హాస్టల్ మొత్తానికి చదివి ఇనిపించిన. వార్డెన్ మేడమ్ కన్నీళ్లు వచ్చేదాక నవ్వింది. తన బావగారి కాడ రావాల్సిన బాకీ ఉన్నదట, అమ్మ నంబర్ అడిగింది.

పండనిస్తవా అని అడిగినవు. పండనియ్యవు బాపూ. తలుపు తీసి సూస్తవు, ఫ్యాన్ తిరుగుతుందా సూస్తవు, దుప్పటి కప్పుతవు, మళ్లా సూస్తవు. నాకు అది ఇష్టమే. రోజు మాత్రం వద్దు.

వారానికి ఒకరోజు రెస్ట్ ఇస్తరు. ఆ రోజు ఇంటికొస్త. ఎంత సేపైనా తలుపు తీసి సూడు.

అభి


పత్తర్‌గట్టి
సెప్టెంబర్ 1

నా తల్లీ, నా కన్నబిడ్డా,

వచ్చింది! బాకీ లేదన్న కాగితం చేతికి వచ్చింది! వినాయక చవితి పొయ్యిన తెల్లారి, ప్రేమ్‌రాజ్, నేను, మీ అమ్మ ముగ్గురం పోయినం. మీ అమ్మ ఎందుకంటే, కాగితం తన చేతికే ఇయ్యాలన్నది. కంపెనీ ఆఫీసుల పిల్ల ఆర్సీ ఎవరి పేరు మీద ఉన్నదో సూసి, ప్రేమ్‌రాజ్‌కు ఇయ్యబోతే, మీ అమ్మ చెయ్యి సాపింది. ప్రేమ్‌రాజ్ "భాభీకే ఇయ్యమ్మా, వసూలు చేసింది ఆమెనే" అన్నడు. ఆఫీసుల అందరు నవ్విండ్రు. నేను ఏడ్సిన. సంతోషానికే. ఆ పిల్ల నీళ్లు తెచ్చిచ్చింది.

అక్కడి నుంచి మెట్టు దిగంగనే ప్రేమ్‌రాజ్ మీ అమ్మకు దండం పెట్టి, "మెట్టు ఖాళీ చెయ్యకు భాభీ, దీపావళి వస్తున్నది, జీతం ఇస్త" అన్నడు. "జీతం వద్దు, జబాన్ ఇయ్యి" అన్నది మీ అమ్మ. అందరి ముంగట గాయన చెవులు పట్టుకున్నడు.

మరునాడు ఆర్టీఏ ఆఫీసుకు పోయినం. బయట చెట్టు కింద టేబుల్ ఏసుకోని ఫారాలు నింపే ఆయన దగ్గర కూసున్నం. పాత కంపెనీ పేరు కొట్టేసే ఫారం నింపిండు. ప్రేమ్‌రాజ్ సంతకాలు పెట్టిండు. ఇగ బండి మార్చే ఫారం తీసిండు. కలం ఎత్తి పట్టుకోని, "కొనేటాయన పేరు చెప్పండ్రి" అన్నడు.

నేను నోరు తెరిచిన. మూడు నెలల సంది ఆ పేరు నా నోట్లనే ఉన్నది. సోమశేఖర్ అని రాసిన ఆర్సీ ఎట్లుంటదో పండుకున్నప్పుడు గూడ అనుకుంటుండె. నోరు తెరిచి, చెప్పకుండ మూసుకున్న.

బిడ్డా, నా పేరు రాస్తే అది నేను నిన్ను తీస్కొచ్చే బండి అయితది. ఎప్పుడు రమ్మంటవు, ఎన్ని గంటలకు రమ్మంటవు, ఎందుకు ఆలస్యమైంది అని నేను అడుగుతుంటా. నువ్వు చెప్పుకుంట ఉండాలె. నీ పేరు రాస్తే నీకు బుద్ధి పుట్టినప్పుడు నువ్వొచ్చే బండి అయితది. నీ రూముకాడ ఉంటది. ఇంటికి రావాలనిపిస్తే వస్తవు, ఎవలను అడగవు. అనిపించకపోతే రాకు. వచ్చిననాడు మాత్రం నేను పక్క సీట్ల కూసుంట. మీ అమ్మ వెనక కూసోని ఎటు తిప్పాలో చెప్తది, అలవాటు చేసుకో.

నేను తోలుడు గురించి మొగులయ్యను అడగకు. ముందుకు మంచిగనే తోలుతున్న. వెనకకు తీసుకునేటప్పుడు గోడలు దగ్గరకొస్తున్నయి. నువ్వు లైసెన్సు తీసుకోని మూడేండ్లాయె. నువ్వు తోలితేనే మంచిది, బండికి గూడ, ఫలక్‌నుమాకు గూడ.

కొనేటోళ్లు వచ్చి సంతకం పెట్టి ఫోటో దిగాల్నట. పేరు రాసే జాగ ఖాళీగ పెట్టించిన. ఫారాలు నింపే ఆయన "ఖాళీ ఎందుకు సేటూ, నీ పేరు రాసేస్త, అయిపోతది" అంటే, "లేదు, మొదలు అడగాలె" అన్న. ప్రేమ్‌రాజ్ నా దిక్కు సూసిండు. నేను అడగాలె అన్న మాట గాయన నా నోట్ల మొదటిసారి ఇన్నడు.

అందుకే అడుగుతున్న. నీ పేరు రాయాల్నా?

వద్దంటే వద్దని రాయి. మీ అమ్మ పేరు రాయిస్త, ఎట్లైనా బండి తెచ్చింది ఆమెనే. నేను అలగను. అలిగినా సదువుకున్నోని తీరు మాత్రం రాయను.

నీ జవాబు కోసం దుకాణం మెట్టు మీద కూసున్న
మీ బాపు